సెయింట్ జాన్ దీవిలో 5 రోజులు: బీచ్ బార్లు, జీపు, ఫెర్రీ... పెద్దవాళ్ళతో కుదురుతుందా?

నెవార్క్_నాగేశ్వర్
ఫిబ్రవరి రెండో వారంలో యూఎస్ వర్జిన్ ఐలాండ్స్‌లోని సెయింట్ జాన్‌కి 5 రోజులు అనుకుంటున్నాం. మేమిద్దరం, 8 ఏళ్ళ పాప, అమ్మానాన్న. నాన్న మందు ముట్టరు, అమ్మ శాకాహారి. పెద్దవాళ్ళిద్దరికీ, పాపకీ ఈత రాదు. ఎక్కడ వెతికినా ఫలానా బార్, ఫలానా డ్రింక్ అని జాబితాలే తప్ప, ఏ బీచ్‌కి ఏ వేళకి వెళ్ళాలి, కారు తీసుకోవాలా వద్దా, బీచ్ బార్లకి పెద్దవాళ్ళని తీసుకెళ్తే కూర్చోగలరా, ఇవి ఎవరూ రాయట్లేదు. ఇంకో సంగతి: నా హెచ్1బి (ఉద్యోగ వీసా) స్టాంపింగ్, అంటే పాస్‌పోర్టులో వీసా ముద్ర గడువు, ముగిసింది, హెచ్1బి ఆమోద పత్రం ఐ-797కి మాత్రం ఏడాదిన్నర గడువుంది. వెళ్ళొచ్చా? పడవలో జోస్ట్ వాన్ డైక్‌కి ఒక పూట వెళ్ళిరావాలని కూడా ఉంది.

హరిత_హ్యూస్టన్
ముందు వీసా సంగతి తేల్చుకోండి, మిగతావన్నీ దాని మీదే ఆధారపడతాయి.

సెయింట్ థామస్, సెయింట్ జాన్, సెయింట్ క్రోయ్ మూడూ ఇమ్మిగ్రేషన్ చట్టం లెక్కలో అమెరికాలో భాగమే. అక్కడికి వెళ్తే దేశం దాటినట్టు కాదు, కొత్త ఐ-94 (దేశంలోకి వచ్చిన తేదీ, ఉండగల గడువు చూపే రికార్డు) పడదు, స్టాంపు అవసరం రాదు. కానీ కస్టమ్స్ లెక్కలో మాత్రం అవి బయట ఉన్నాయి. అందుకే తిరిగి వచ్చేటప్పుడు సెయింట్ థామస్ ఎయిర్‌పోర్ట్‌లో విమానం ఎక్కేముందే సీబీపీ (అమెరికా కస్టమ్స్, సరిహద్దు శాఖ) అధికారి అందరి కాగితాలూ చూస్తారు. అందరి పాస్‌పోర్టులు, ఐ-797 అసలు కాగితం, ఐ-94 ప్రింటు చేతి సంచీలో పెట్టుకోండి. ఫోన్లో ఫోటో ఉందిలే అనుకోవద్దు. అమ్మానాన్న బి2 సందర్శక వీసా మీద ఉంటే వాళ్ళ ఐ-94 తేదీ కూడా చూసుకోండి.

జోస్ట్ వాన్ డైక్ వేరు. అది బ్రిటిష్ వర్జిన్ ఐలాండ్స్, అంటే పరాయి దేశం. అక్కడ అడుగుపెట్టి తిరిగొస్తే అమెరికాలోకి కొత్తగా ప్రవేశించినట్టే. స్టాంపు లేకుండా మీరు వెళ్ళకూడదు.

కరీంనగర్_కిరణ్
ఆటోమేటిక్ రీవాలిడేషన్ అని ఒకటి ఉంటది కదా, 30 రోజుల లోపు వస్తే పాత స్టాంపుతోనే రానిస్తరు?

హరిత_హ్యూస్టన్
@కరీంనగర్_కిరణ్ ఉంది, కానీ హెచ్1బి వాళ్ళకి అది కెనడా, మెక్సికోలకే. పక్కనున్న కరీబియన్ దీవులకి ఆ వెసులుబాటు ఎఫ్ (విద్యార్థి), జె (ఎక్స్చేంజ్) వీసాల మీద ఉన్నవాళ్ళకి మాత్రమే. ఈ తేడా తెలియక చాలామంది పడవ బుక్ చేసేస్తారు. నాగేశ్వర్ గారూ, జోస్ట్ ఈసారికి వదిలేయండి.

నెవార్క్_నాగేశ్వర్
అది తెలియదు నాకు. జోస్ట్ తీసేశాను. మరి మిగిలిన 5 రోజులూ సెయింట్ జాన్‌లో గడుస్తాయా?

కెరటం77
5 రోజులు చాలవు. దీవిలో దాదాపు 60 శాతం నేషనల్ పార్కే, 1956లో ఏర్పడింది. ఉత్తర తీరమంతా వరసగా బీచ్‌లు, మధ్యలో హోటళ్ళు లేవు. బార్లు కూడా ఎక్కడపడితే అక్కడ ఉండవు. క్రూజ్ బే ఊళ్ళో కొన్ని, అటు చివర కోరల్ బేలో కొన్ని, మధ్యలో బీచ్‌ల దగ్గర రెండు మూడు చోట్ల తిండి కౌంటర్లు. అందుకే రోజును నీళ్ళ నుంచి మొదలుపెట్టండి. పొద్దున 8కి నీళ్ళలో ఉండాలి, 11:30కి నీడలోకి రావాలి, సాయంత్రం 5కి బార్‌లో కూర్చోవాలి. ఫిబ్రవరిలో అక్కడ పొద్దు 6:20, 6:30 మధ్య గుంకుతుంది. టైము మీకంటే ఒక గంట ముందు.

గేర్‌బాక్స్_గోపి
చేరే పద్ధతి చెప్తా. సెయింట్ జాన్‌లో ఎయిర్‌పోర్ట్ లేదు. సెయింట్ థామస్‌లో దిగి, ట్యాక్సీలో తూర్పు చివరనున్న రెడ్ హుక్‌కి వెళ్ళాలి. ట్రాఫిక్‌ని బట్టి 30 నుంచి 45 నిమిషాలు. ట్యాక్సీకి మీటరు ఉండదు, ప్రభుత్వం పెట్టిన రేటు, మనిషికి ఇంత, పెట్టెకి ఇంత. అయిదుగురున్నారు కాబట్టి ఎక్కేముందే మొత్తం ఎంతో అడగండి. రెడ్ హుక్ నుంచి క్రూజ్ బేకి ఫెర్రీ గంటకొకటి, 20 నిమిషాల ప్రయాణం, పెద్దవాళ్ళకి 8 డాలర్ల పైచిలుకు, పెద్ద పెట్టెకి అదనం. షార్లట్ అమాలీ ఊళ్ళోంచి కూడా ఫెర్రీ ఉంది, ఎయిర్‌పోర్ట్‌కి దగ్గర, కానీ రోజుకి కొన్నే. దాని టైము మీ విమానానికి కలిస్తే పెద్దవాళ్ళకి అదే సుఖం.

జీపు తీసుకోండి. ఫిబ్రవరి అంటే అక్కడ పూర్తి సీజన్, బుకింగ్ ఈ వారమే చేయండి. సెయింట్ జాన్‌లోనే తీసుకుంటే కార్లు మోసే బార్జ్ గొడవ ఉండదు. సెయింట్ థామస్‌లో కొంచెం చవక, కానీ బార్జ్‌కి రానుపోను 50 డాలర్ల పైన, పైగా బార్జ్ మీదకి కారుని రివర్స్‌లో ఎక్కించాలి. అలవాటు లేనివాళ్ళకి ఆ ర్యాంపు మీద చెమటలు పడతాయి.

పొద్దుతిరుగుడు
అయిదుగురికి జీపు ఎందుకండీ? ఇద్దరు పెద్దవాళ్ళని ఎత్తుగా ఉండే జీపు వెనక సీట్లోకి ఎక్కించడమే కష్టం. క్రూజ్ బే రేవు దగ్గర సఫారీ ట్యాక్సీలు ఉంటాయి. ట్రక్కు వెనక బెంచీలు వేసి, పక్కలు తెరిచి ఉంటాయి. ట్రంక్ బే, సినమన్ బే, మాహో బీచ్‌లన్నిటికీ వెళ్తాయి, మెట్టు కూడా ఉంటుంది. రోడ్డు మలుపులు చూస్తే డ్రైవింగ్ వాళ్ళకి వదిలేయడమే నయం అనిపిస్తుంది.

గేర్‌బాక్స్_గోపి
@పొద్దుతిరుగుడు పొద్దున వెళ్ళడానికి సఫారీ బాగుంటుంది, ఒప్పుకుంటా. తిరిగి రావడమే చిక్కు. మాహో, సినమన్ దగ్గర సాయంత్రం 4 దాటితే ట్యాక్సీలు పలచబడతాయి. దింపినప్పుడే తిరిగి ఎన్నింటికి రావాలో అదే డ్రైవరుతో ఖాయం చేసుకోవాలి. సాల్ట్ పాండ్, ఆనాబర్గ్ లాంటి చోట్లకి ట్యాక్సీ చాలా పడుతుంది. మనిషి లెక్కన అయిదుగురికి రోజుకి రెండు ట్రిప్పులు వేసి చూడండి, జీపు అద్దె దగ్గరికి వచ్చేస్తుంది.

కరీంనగర్_కిరణ్
డాలర్ బస్సు మరిచిపోయిండ్రు. విట్రాన్ బస్సు ఉంటది, క్రూజ్ బే నుంచి సెంటర్‌లైన్ రోడ్డు మీద కోరల్ బే, అక్కడికెళ్ళి సాల్ట్ పాండ్ దాకా పోతది. 1 డాలర్. కానీ ఉత్తర తీరం రోడ్డు మీదికి రాదు, టైముకు వస్తదని నమ్మొద్దు. ఫెర్రీ అందుకునే రోజు అస్సలు దాని మీద ఆధారపడొద్దు.

నెవార్క్_నాగేశ్వర్
డ్రైవింగ్ ఎడమ పక్క కదా? మనకి ఇండియాలో అలవాటేగా.

గేర్‌బాక్స్_గోపి
సగమే అలవాటు. 1917లో డెన్మార్క్ నుంచి అమెరికా ఈ దీవుల్ని కొన్నా, ఎడమ పక్క నడిపే పద్ధతి అలాగే ఉండిపోయింది. కార్లు మాత్రం అమెరికావి, స్టీరింగ్ కూడా ఎడమే. అంటే డ్రైవరు రోడ్డు మధ్యలో కాకుండా అంచు వైపు, కాలవ పక్కన కూర్చుంటాడు. ఎదుటి బండి కుడివైపు నుంచి ఎంత దగ్గరగా వస్తోందో సరిగ్గా అంచనా దొరకదు. భయంతో ఇంకా ఎడమకి జరుగుతారు, అంచున సిమెంటు కాలవ ఉంటుంది, టైరు పక్క చీలుతుంది. ఎక్కువగా జరిగేది అదే. పక్క సీట్లో కూర్చున్నవాళ్ళు కుడివైపు జాగా చెప్తూ ఉండాలి.

రెండోది దిగుడు. రోడ్లు చాలా నిటారు. బ్రేకు మీద కాలు పెట్టి దిగితే కింద చేరేసరికి వాసన వస్తుంది. గేరు ఎల్‌లో గానీ 2లో గానీ వేసి దిగండి. కనపడని మలుపు దగ్గర ఒకసారి హారన్. వెనక స్థానికులు తొందరలో ఉంటే పక్కకి తీసి దారివ్వండి. రోడ్డు మీద గాడిదలు నిలబడి ఉంటాయి, అద్దం దించి తిండి పెట్టకండి, తల లోపలికి పెట్టేస్తాయి.

బార్‌కి వెళ్ళే సాయంత్రం ఎవరు నడుపుతారో ముందే అనుకోండి. నాన్నగారు తాగరు కదా అని ఆయనకి తాళాలివ్వొద్దు, ఆ రోడ్డు మీద రాత్రి పూట మొదటిసారి నడపడం ఎవరికైనా మంచిది కాదు. క్రూజ్ బేలో నడిచి వెళ్ళగలిగే దూరంలో బస తీసుకుంటే ఆ సమస్యే ఉండదు.

లంగరు
బార్ల విషయం నేను చెప్తా. ఇక్కడ బార్ అంటే చీకటి గది కాదు. ఇసకలో బల్లలు, పైన కప్పు, పక్కన పిల్లలు ఇసకలో ఆడుతుంటారు. పెద్దవాళ్ళు నిస్సంకోచంగా కూర్చోవచ్చు, అయితే వేళ చూసుకోవాలి. 4 నుంచి 6:30 దాకా కుటుంబాలు, 8 తర్వాత సంగీతం, గోల.

క్రూజ్ బేలో ఫెర్రీ రేవు పక్కనే, వార్ఫ్‌సైడ్ విలేజ్ దగ్గర "బీచ్ బార్" ఉంది. పడమరకి ఎదురుగా ఉంటుంది, సూర్యాస్తమయానికి అదే చోటు. 5కల్లా ముందు వరస బల్ల పట్టుకోండి. వూడీస్ ఊళ్ళో నాలుగడుగుల లోపల ఉంటుంది, హ్యాపీ అవర్‌కి పేరు, కానీ చాలా ఇరుకు, వీధిలో నిలబడి తాగుతారు. పెద్దవాళ్ళతో అక్కడ వద్దు. కోరల్ బేలో స్కిన్నీ లెగ్స్ బర్గర్లకి ప్రసిద్ధి, వేపుళ్ళు లేవు, చిప్స్ పొట్లం ఇస్తారు. మాహో బీచ్ వెనక మాహో క్రాస్‌రోడ్స్ ఉంది, అక్కడ నీడ, తిండి బండి, బార్, స్నార్కెల్ (మాస్కు, గొట్టం పెట్టుకుని నీళ్ళ మీద తేలుతూ అడుగు చూడటం) సామాను అద్దె అన్నీ ఒకచోటే. మీ గుంపుకి మధ్యాహ్నం గడపడానికి నా ఓటు దానికే.

లైమ్ అవుట్ అని నీళ్ళలో తేలే టాకో పడవ ఉంది, తూర్పు కొస వైపు. దానికి పడవలోనో, కయాక్‌లోనో వెళ్ళాలి. ఈత రానివాళ్ళు ముగ్గురు ఉన్నప్పుడు పెట్టుకోవద్దు.

బెల్లంపాకం
బార్‌లో మందు లేకుండా అడగడానికి మొహమాటపడనక్కర్లేదు. పెయిన్‌కిల్లర్ అనే డ్రింక్ అక్కడ అన్నిచోట్లా ఉంటుంది, రమ్ తీసేసి ఇమ్మంటే ఇస్తారు, పాపకీ నాన్నగారికీ అదే బాగుంటుంది. లెక్క: అనాస రసం 4 పాళ్ళు, నారింజ రసం 1, క్రీమ్ ఆఫ్ కోకోనట్ 1, పైన అప్పటికప్పుడు తురిమిన జాజికాయ. రమ్ వేస్తే 2 పాళ్ళు. ఇంట్లో చేసేవాళ్ళు మామూలు కొబ్బరి పాలు పోసి పాడు చేస్తారు. క్రీమ్ ఆఫ్ కోకోనట్ అంటే పంచదార కలిపి చిక్కగా ఉండేది, పాలు పోస్తే పల్చబడి విడిపోతుంది. డబ్బా తెరిచేముందు వేణ్ణీళ్ళలో 5 నిమిషాలు ఉంచితే గడ్డ కరుగుతుంది. జాజికాయ పొడి డబ్బా వద్దు, వాసనంతా తురుములోనే ఉంది.

లంగరు
@బెల్లంపాకం రమ్ కొలత 2 అని ఒకటే కాదు. పెయిన్‌కిల్లర్ నంబర్ 2, 3, 4 అని అడుగుతారు, ఆ నంబరు రమ్ ఔన్సులు. మిగతా రసాలు మారవు. నంబర్ 4 తాగితే ఆ సాయంత్రం అక్కడితో సరి. పుట్టింది జోస్ట్ వాన్ డైక్ వైట్ బేలోని సాగీ డాలర్ బార్‌లో. అక్కడ రేవు లేక పడవ దిగి ఈదుకుంటూ వచ్చి తడిసిన నోట్లు ఇచ్చేవాళ్ళు, పేరు అలా వచ్చింది. బుష్‌వాకర్ అని ఇంకోటి ఉంటుంది, మిల్క్‌షేక్ లాగా కనిపిస్తుంది. అందులో రమ్, వోడ్కాతో పాటు మూడు నాలుగు రకాల తీపి మద్యాలు ఉంటాయి. చల్లగా, తియ్యగా దిగిపోతుంది కాబట్టి ఎంత తాగామో తెలియదు. ఎండలో తిరిగొచ్చి ఖాళీ కడుపుతో అది మాత్రం వద్దు. గ్లాసు మందుకి గ్లాసు నీళ్ళు.

నెవార్క్_నాగేశ్వర్
అమ్మకి తిండి?

బెల్లంపాకం
ఇక్కడే అసలు జాగ్రత్త. పేరు విని శాకాహారం అనుకునేవి చాలా ఉన్నాయి.

కలలూ అంటే ఆకుకూర పులుసు, చూడ్డానికి మన తోటకూర పప్పులా ఉంటుంది, లోపల పీత, చేప, ఉప్పు మాంసం ఏదో ఒకటి ఉంటుంది. బీన్స్ వేసిన అన్నం శాకాహారంలా కనిపిస్తుంది, అందులోనూ మాంసం ముక్కో, కోడి రసమో పడొచ్చు. అడిగి తీసుకోండి. "మీట్ లేదా" అని కాదు, "చేప, పంది, కోడి రసం ఏదైనా వేశారా" అని విడివిడిగా అడగాలి. పాటే అంటే వేయించిన పెద్ద కజ్జికాయ లాంటిది, ఎక్కువగా ఉప్పు చేప, గొడ్డు మాంసం, శంఖం మాంసం. కూరగాయలది ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు.

అమ్మగారికి నచ్చేది ఫంజీ. పుట్టగొడుగులు కాదు! మొక్కజొన్న పిండిలో బెండకాయ ముక్కలు వేసి ఉడికించి, వెన్న కలిపి తిప్పుతారు. అచ్చం మన సంకటి. దాన్ని చేప పులుసుతో ఇస్తారు, పులుసు లేకుండా విడిగా అడగండి. రెండోది రోటీ. ట్రినిడాడ్‌కి వెళ్ళిన మన దేశపు కూలీల వంట అది, అక్కడి నుంచి దీవులన్నిటికీ పాకింది. ధాల్‌పూరీ అయితే మధ్యలో పప్పు పొడి పెట్టి వత్తుతారు, బొబ్బట్టు పద్ధతే, తీపి ఉండదు. శనగలు, బంగాళాదుంప కూరతో ఇస్తే కడుపు నిండుతుంది.

సారెల్ అనే ఎర్రటి పానీయం కనిపిస్తే తప్పకుండా తాగించండి. అది మన ఎర్ర గోంగూర జాతి మొక్కే, ఆకు కాదు, పువ్వు కింద ఉండే ఎర్ర తొడుగు మరిగించి అల్లం, లవంగం వేస్తారు. క్రిస్మస్ సీజన్‌ది, ఫిబ్రవరికి అక్కడక్కడా దొరుకుతుంది. కొన్నిసార్లు రమ్ కలిపి పెడతారు, నాన్నగారికిచ్చే ముందు అడగండి.

పొద్దుతిరుగుడు
వంటగది ఉన్న బస తీసుకుంటే సగం బాధ తీరుతుంది. కూరగాయలు, పాలు అన్నీ పడవలో వచ్చేవే కాబట్టి ధరలు మండిపోతాయి. బియ్యం 2 కిలోలు, కందిపప్పు, పోపు సామాను, చింతపండు, పచ్చడి సీసా, 3 లీటర్ల కుక్కరు పెట్టెలో వేసుకోండి. పెరుగు అక్కడ కొనండి. తిరుగు ప్రయాణంలో మాత్రం పళ్ళు, ఆకులు సంచీలో మిగలకుండా చూసుకోండి, ఎయిర్‌పోర్ట్‌లో వ్యవసాయ తనిఖీ ఉంటుంది.

ఇంకో ముఖ్యమైన మాట. ఇళ్ళకి నీళ్ళు వాన నుంచే. కప్పు మీద పడింది ఇంటి కింద తొట్టిలో చేరుతుంది. ఫిబ్రవరి వానలు తక్కువ కాలం. కుళాయి తిప్పి వదిలేసి గిన్నెలు కడగడం, అరగంట స్నానాలు కుదరవు. ఒంటిని తడిపి, కుళాయి కట్టేసి, సబ్బు రాసుకుని మళ్ళీ తిప్పాలి. తాగడానికి సీసా నీళ్ళు కొనుక్కోండి.

కరీంనగర్_కిరణ్
దుకాణంల గానీ, బార్‌ల గానీ పోంగనే "హౌ మచ్" అని మొదలువెట్టొద్దు. ముందు "గుడ్ మార్నింగ్", "గుడ్ ఆఫ్టర్‌నూన్" అనాలె, వాళ్ళు తిరిగి అన్నంక పని అడగాలె. బస్సు ఎక్కినా అంతే, లోపల అందరికీ చెప్తరు. చీకటి పడ్డంక కలిసినప్పుడు "గుడ్ నైట్" అంటరు, పొమ్మని కాదు, అది పలకరింపే. ఇది చెయ్యకుంటే మనల్ని మర్యాద లేనోళ్ళు అనుకుంటరు, సర్వీసు కూడా అట్లనే ఉంటది. ఈత బట్టలతోని ఊళ్ళె తిరగద్దు, పైన చొక్కా వేసుకోవాలె.

కెరటం77
ఇక నీళ్ళ సంగతి. ఈత రానివాళ్ళు ఉన్నారు కాబట్టి చోట్లు ఎంచుకోవాలి.

మాహో బే మీకు మొదటిది. లోతు నెమ్మదిగా పెరుగుతుంది, అలలు తక్కువ, నడుము లోతులో నిలబడే తాబేళ్ళని చూడొచ్చు. అవి నీటి అడుగున గడ్డి మేయడానికి వస్తాయి, పొద్దున 8 నుంచి 10 లోపల ఎక్కువ. బీచ్‌కి ఎదురుగా నిలబడితే గడ్డి నల్లని మచ్చలా కనిపిస్తుంది, దాని అంచున ఇసక మీద నిలబడండి, గడ్డి తొక్కొద్దు. తాబేలు తల పైకెత్తి ఊపిరి తీసుకునే దారికి అడ్డం వెళ్ళొద్దు, ముట్టుకోవడం నేరం. నడిచేటప్పుడు కాళ్ళు ఎత్తి వేయకుండా ఇసకలో ఈడ్చుకుంటూ నడవండి, కింద స్టింగ్‌రేలు (తోకలో ముల్లుండే చదునైన చేపలు) పడుకుని ఉంటే అలికిడికి తప్పుకుంటాయి.

ట్రంక్ బేలో లైఫ్‌గార్డులు, స్నానాల గదులు, తిండి కౌంటరు ఉన్నాయి. పెద్దవాళ్ళకి మనిషికి 5 డాలర్ల టికెట్. నీళ్ళ అడుగున పలకలు పెట్టిన స్నార్కెల్ బాట ఉంది, కానీ అక్కడ పగడం బాగా దెబ్బతింది. 2017 సెప్టెంబరులో ఇర్మా, మారియా తుపానులు, ఆ తర్వాత పగడాల తెగులు. 2019లో సెయింట్ థామస్ దగ్గర మొదట కనపడి ఇటు వచ్చింది. స్నార్కెల్ కోసమే అయితే "వాటర్‌లెమన్ కే" (కే అంటే చిన్న దీవి) మేలు.

లంగరు
ట్రంక్ బేని తీసేయొద్దు. కొత్తగా మాస్కు పెట్టుకునే పాపకి నీళ్ళ అడుగున బోర్డు చదవడం సరదా, గార్డు కళ్ళ ముందే ఉంటాడు. ఓడల ప్రయాణికులు 10 దాటాక వస్తారు. 8కి వెళ్ళి 10:30కి బయటపడితే దానంత మంచి చోటు లేదు.

కెరటం77
@లంగరు 8కి అయితే సరే, ఒప్పుకున్నా. "వాటర్‌లెమన్ కే" ఈత వచ్చినవాళ్ళకే. ఆనాబర్గ్ చెరకు మిల్లు శిథిలాల దగ్గర బండి పెట్టి, తీరం వెంట ముప్పావు మైలు పైగా రాళ్ళ బాటలో నడవాలి. చెప్పులు కాదు, బూట్లు. బాట చివరికంటా వెళ్ళి దీవికి దగ్గరగా ఉన్న చోటే నీళ్ళలో దిగండి, ముందే దిగితే ఈత దూరం ఎక్కువై అలిసిపోతారు. చిన్న దీవి బయటి వైపు ప్రవాహం బలంగా ఉంటుంది. గాలి ఎక్కువున్న రోజు చుట్టూ తిరగాలనుకోవద్దు, లోపలి వైపే చూసి తిరిగి రండి.

చలికాలంలో ఉత్తరం నుంచి పెద్ద అలలు వస్తాయి. అలాంటి రోజు ట్రంక్, సినమన్, హాక్స్‌నెస్ట్ మూడూ ఈత రానివాళ్ళకి ప్రమాదమే. ఒడ్డునే విరిగి కాళ్ళు లాగేస్తుంది. ఆ రోజు దక్షిణాన సాల్ట్ పాండ్‌కి వెళ్ళండి. అక్కడ బండి ఆపిన చోటు నుంచి కొంత దిగుడు నడక, వచ్చేటప్పుడు ఎక్కాలి, నీడ లేదు.

నెవార్క్_నాగేశ్వర్
మాస్కులో ఆవిరి పట్టేస్తుందని అందరూ అంటారు. అక్కడ అద్దెకి తీసుకోవడమా, కొనుక్కెళ్ళడమా?

కెరటం77
మాస్కు కొనండి, ఫిన్స్ (కాళ్ళకి తొడుక్కునే ఈత తెడ్లు) అద్దెకి తీసుకోండి. మాస్కు మొహానికి కుదరాలి. పట్టీ వేసుకోకుండా మొహానికి ఆనించి ముక్కుతో గాలి పీల్చండి, చేయి వదిలినా పడకపోతే సరిపోయినట్టు.

కొత్త అద్దానికి లోపల సిలికాన్ పొర ఉంటుంది, ఆవిరి దానివల్లే. జెల్ కాని తెల్ల టూత్‌పేస్టు వేలితో రుద్ది కడగాలి, రెండు మూడుసార్లు. అద్దం గాజుదైతేనే, ప్లాస్టిక్ అయితే గీతలు పడతాయి. తర్వాత దిగిన ప్రతిసారీ బేబీ షాంపూ ఒక చుక్క లోపల రాసి సముద్రపు నీళ్ళతో ఒక్కసారి తొలిపితే చాలు. పొడి మాస్కు వేడి మొహానికి పెట్టుకుంటే ఆవిరి పడుతుంది, మొహం కూడా తడుపుకోండి. మీసాలున్నవాళ్ళకి ముక్కు కింద నుంచి నీళ్ళు కారతాయి. అక్కడ సన్నగా కత్తిరించుకోవడమో, సిలికాన్ గ్రీజు రాయడమో చేయాలి. వేజ్‌లైన్ వద్దు. మాస్కు అంచు కింద ఒక్క జుట్టు పోగు ఇరుక్కున్నా కారుతుంది.

మొహమంతా కప్పే మాస్కు పెద్దవాళ్ళకి గానీ పాపకి గానీ వద్దు. సైజు కుదరకపోతే వదిలిన గాలే మళ్ళీ పీలుస్తారు, కంగారులో గబుక్కున ఊడదీయడం కష్టం.

హరిత_హ్యూస్టన్
సన్‌స్క్రీన్ ఇక్కడి నుంచి తీసుకెళ్తుంటే డబ్బా వెనక చదవండి. ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్, ఆక్టోక్రిలీన్ ఈ మూడిట్లో ఏది ఉన్నా 2020 మార్చి నుంచి ఆ దీవుల్లో నిషేధం. డబ్బా ముందు "రీఫ్ సేఫ్" అని ఉన్నా నమ్మొద్దు. జింక్ ఆక్సైడ్‌ది తీసుకోండి. మన రంగుకి తెల్లగా బూడిద పూసినట్టు కనపడుతుంది, రంగు కలిపిన టింటెడ్ రకం తీసుకుంటే ఆ బాధ ఉండదు. అన్నిటికంటే పొడుగు చేతుల రాష్‌గార్డ్ (ఒంటికి అతుక్కునే ఈత చొక్కా) మేలు. స్నార్కెల్ చేసేటప్పుడు వీపు, మోకాళ్ళ వెనక భాగం కాలేది తెలియదు.

పొద్దుతిరుగుడు
మాంచినీల్ చెట్టు గురించి ఎవరూ రాయలేదు! బీచ్ అంచునే ఉంటుంది, చిన్న పచ్చ ఆపిల్ లాంటి కాయలు. కాయ, ఆకు, పాలు అన్నీ విషమే. వాన వస్తే ఆ చెట్టు కింద నిలబడితే కారే నీటికే బొబ్బలు లేస్తాయి. చాలాచోట్ల బోర్డో ఎర్ర రంగు గుర్తో ఉంటుంది, అన్నిటికీ ఉండదు. కింద పడ్డ కాయ ముట్టుకోవద్దని పాపకి విమానం ఎక్కకముందే చెప్పండి. సాయంత్రం గాలి ఆగితే ఇసకలో కనపడనంత చిన్న దోమలు చీలమండల దగ్గర కుడతాయి, అమ్మగారికి సాక్సులు.

కరీంనగర్_కిరణ్
మాహో, కోరల్ బే దిక్కు ఫోన్ బ్రిటిష్ దీవుల టవర్ పట్టుకుంటది. డేటా రోమింగ్ బంద్ చేసి పెట్టుకోన్రి, లేకుంటే బిల్లు వస్తది. పార్కు బీచ్‌ల మీదికి గాజు సీసాలు, డ్రోన్లు తేవద్దు.

నెవార్క్_నాగేశ్వర్
ఇప్పటికి ఇలా అనుకుంటున్నాను. క్రూజ్ బేలో నడిచే దూరంలో వంటగది ఉన్న బస. మొదటి సాయంత్రం బీచ్ బార్. రెండో రోజు ట్రంక్ బే 8కి, సఫారీలో. మూడు, నాలుగు రోజులకి మాత్రం జీపు: ఒక రోజు మాహో, క్రాస్‌రోడ్స్‌లో భోజనం, ఇంకో రోజు ఆనాబర్గ్, కోరల్ బే. అయిదో రోజు తిరుగు ప్రయాణం, విమానం 3:30కి. సరిపోతుందా?

గేర్‌బాక్స్_గోపి
రెండు రోజుల జీపు ఆలోచన మంచిది. కొన్నిచోట్ల సీజన్‌లో కనీసం 3 రోజులు అంటారు, అడిగి చూడండి. మాహో రోజు 8:30 దాటకుండా చేరండి, తర్వాత రోడ్డు పక్కన కూడా చోటు ఉండదు. రోడ్డు మీదకి వచ్చేలా ఆపితే టికెట్ పడుతుంది.

హరిత_హ్యూస్టన్
3:30 విమానానికి 12:30కల్లా ఎయిర్‌పోర్ట్‌లో ఉండాలి, సీబీపీ వరస, ఆ తర్వాత భద్రతా తనిఖీ, రెండూ ఉన్నాయి. వెనక్కి లెక్కేస్తే ఉదయం 10 ఫెర్రీ. శనివారం అయితే 9ది.

లంగరు
కోరల్ బే రోజు పొద్దున ఆనాబర్గ్ ముగించి, మధ్యాహ్నం స్కిన్నీ లెగ్స్. అమ్మగారికి వెజ్ ప్యాటీ ఉందని చెప్పినా మాంసం కాల్చే పెనం మీదే వేస్తారేమో అడగండి. ఆవిడకి అది ఇబ్బందైతే ఆ పూటకి పులిహోర డబ్బా కట్టుకెళ్ళండి. చీకటి పడకముందే సెంటర్‌లైన్ రోడ్డు దాటి క్రూజ్ బే చేరండి.

నెవార్క్_నాగేశ్వర్
పాపకి లైఫ్ జాకెట్ అక్కడ దొరుకుతుందా? 55 పౌండ్లు ఉంది.

కెరటం77
అద్దెకి దొరుకుతాయి, కానీ పిల్లల సైజులు సీజన్‌లో ముందే అయిపోతాయి, కొని తీసుకెళ్ళండి. 30 నుంచి 50 పౌండ్లది చైల్డ్ సైజు, అది చాలదు. 50 నుంచి 90 ఉన్న యూత్ సైజు తీసుకోండి. కోస్ట్ గార్డ్ ఆమోదం ముద్ర లోపలి వైపు ఉంటుంది. వేసి, అన్ని బకిల్స్ పెట్టి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి. గడ్డం, చెవుల దాకా లేస్తే వదులుగా ఉన్నట్టు. పాప ఆ సైజులో కింది అంచున ఉంది కాబట్టి కాళ్ళ మధ్య పట్టీ ఉన్నది చూడండి. ఊది నింపే స్నార్కెల్ వెస్ట్ ఈత రానివాళ్ళకి పనికిరాదు, అమ్మానాన్నకి కూడా నురగ నింపిన జాకెట్టే. వెళ్ళేముందు మీ దగ్గరి కొలనులో ఒకసారి వేసి వెల్లకిలా తేలడం చేయించండి. సముద్రంలో మొదటిసారి వేసుకుంటే అది మొహం దాకా ఎగదన్నడం చూసి బెదిరిపోతారు.